గొడుగు మాట

హిజ్రీ 23వ సంవత్సరం, జుల్‌హిజ్జా మాసం ముగింపునకు వచ్చింది. క్రీస్తు శకం లెక్కలో అది 644 నవంబరు. మదీనాలో ఒకచోట ముగ్గురు నిలబడి భూమి శిస్తు గురించి మాట్లాడుకుంటున్నారు. ఒకరు ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి). మిగిలిన ఇద్దరు ఇరాక్ భూముల వ్యవహారం చూసి వచ్చిన హజ్రత్ హుజైఫా బిన్ యమాన్ (రజి), హజ్రత్ ఉస్మాన్ బిన్ హునైఫ్ (రజి). భూమి మోయలేనంత భారం వేశారేమోనని ఖలీఫా అడిగారు. మోయగలిగినంతే వేశామని వారు బదులిచ్చారు. ఆయనకు తృప్తి కలుగలేదు, మరొకసారి చూసుకోమన్నారు. అలాంటిదేమీ లేదని వారు మళ్ళీ చెప్పారు. అల్లాహ్ తనను క్షేమంగా ఉంచితే, ఇరాక్ వితంతువులు తన తరువాత ఏ మగవాని మీదా ఆధారపడవలసిన అవసరం లేకుండా చేసి పోతానన్నారు ఆయన. మాటలు అంతటితో ముగిశాయి. ఆ తరువాత నాలుగు రోజులు గడిచాయో లేదో, ఆయన కత్తిపోట్లకు గురయ్యారు.

దీనిని మనకు అందించినవారు అమ్ర్ బిన్ మైమూన్ (రహ్మ) అనే తాబయీ. సహీహ్ బుఖారీలో ఉన్న ఈ దీర్ఘ ఉల్లేఖనాన్ని మా విద్యార్థులకు బోధించేటప్పుడు ప్రతి ఏడాదీ ఒకటే జరుగుతుంది. పిల్లలు శిస్తు సంగతి త్వరగా దాటి కత్తి దగ్గరికి పోవాలని చూస్తారు. నేను వారిని శిస్తు దగ్గరే కాసేపు ఆపుతాను. ఆ దారుణాన్ని కళ్ళారా చూసిన మనిషి, దానిని చెప్పడానికి ముందు ఈ లెక్కల ముచ్చటను ఎందుకు చెప్పాడు?

ఆ ఉదయం ఫజ్ర్ నమాజులో అమ్ర్ (రహ్మ)కూ ఖలీఫాకూ మధ్య ఇబ్నె అబ్బాస్ (రజి) ఒక్కరే ఉన్నారు. ఉమర్ (రజి) రోజూలాగే పంక్తుల మధ్య నడుస్తూ వాటిని సరిచేయించారు. ముందుకు వెళ్ళి తక్బీర్ చెప్పారు. అంతే. రెండు వైపులా పదునున్న కత్తితో హంతకుడు ఆయనను పొడిచి, పారిపోతూ కుడి ఎడమల దొరికిన వారినల్లా పొడిచాడు. 13 మంది గాయపడగా వారిలో 7గురు మరణించారు. దగ్గరున్నవారు జరిగినదంతా చూశారు. మస్జిద్ అంచుల్లో నిలిచినవారికి మాత్రం ఏమీ తెలియలేదు. ఇమామ్ స్వరం ఆగిపోవడం ఒక్కటే వారికి తెలిసింది. ఏదో మరచిపోయారనుకుని ‘సుబ్‌హానల్లాహ్’ అంటూ గుర్తు చేశారు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) క్లుప్తంగా నమాజ్ పూర్తి చేయించారు. ఆ అంచుల్లో నిలిచినవారు తక్బీర్‌కు ముందు ఉమర్ (రజి) నోట చివరిగా విన్నది ఏమిటి? పంక్తి సరిచేసుకోమన్న మాట. ప్రతి నమాజుకూ వినే మాటే.

ఇంకొక యువకుని సంగతి కూడా అందులో ఉన్నది. గాయపడి పడుకున్న ఖలీఫాను అతడు ఓదార్చాడు. ప్రవక్త (స) సహచర్యం, న్యాయపాలన, ఇప్పుడు వీరమరణం అంటూ శుభవార్త వినిపించాడు. ఇవన్నీ తనకు లాభమూ నష్టమూ లేకుండా సరికి సరి అయితే చాలన్నారు ఆయన. యువకుడు వెనుదిరగగానే అతని వస్త్రం అంచు నేలను తాకడం కనిపించింది. వెనక్కి పిలిపించి, వస్త్రం పైకి ఎత్తుకొమ్మనీ, అది బట్టకు శుభ్రమనీ, దైవభీతికి దగ్గరనీ చెప్పారు. ఆ యువకునికి ఆ మహనీయుని నుండి దక్కినది బట్ట అంచు గురించిన మాట.

ఇదంతా ఈ నెల వ్రాయడానికి కారణం మా వద్ద పూర్వం చదువుకున్న ఒక అబ్బాయి. అతడు లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బిల్టీలు వ్రాస్తాడు. పక్క బల్ల దగ్గర ఆరేళ్ళుగా పనిచేస్తున్న మిత్రుణ్ణి ఒక రాత్రి డబ్బు తగాదాలో ఎవరో హత్య చేశారు. ఆ సాయంత్రం మిత్రుడు ఇంటికి వెళ్తూ, “భాయ్, నా గొడుగు రేపన్నా తీసుకురా” అన్నాడట. వీడు బిల్టీల నుంచి తల ఎత్తకుండానే “సరేలే” అన్నాడట. “ఆరేళ్ళ స్నేహం హజ్రత్, చివరికి గొడుగు గురించి! ఒక సలాం కూడా సరిగా చెప్పలేదు” అని ఏడ్చాడు.

మరణించే మనిషి తప్పక గంభీరమైన మాట ఏదో పలికి పోతాడని మనకు సినిమాలు నేర్పాయి. జబ్బుపడినవానికి కొంత వ్యవధి ఉంటుంది. వసియ్యత్ చెబుతాడు, అప్పులు అప్పజెబుతాడు. హజ్‌కు వెళ్ళేవారు కూడా గడప గడపకూ వెళ్ళి ‘కహా సునా మాఫ్ కర్నా’ అని అడిగి బయలుదేరతారు. హత్య ఈ తలుపునే మూసివేస్తుంది. ప్రాణంతోపాటు వీడ్కోలును కూడా దోచుకుంటుంది. ప్రళయదినాన మనుషుల మధ్య మొదట తీర్పు జరిగేది రక్తం విషయంలోనేనని ప్రవక్త (స) తెలిపారు. హంతకుడు దోచుకున్నదానికి ఈ అబ్బాయి తనను తాను దోషిగా నిలబెట్టుకుంటున్నాడు. అది న్యాయం కాదని అతనికి చెప్పాను.

అమ్ర్ (రహ్మ) గొప్ప చివరి మాట కోసం వెదకలేదు. నాలుగు రోజుల కిందటి లెక్కల ముచ్చటలో మనిషి మొత్తం కనిపించాడు గనుక దానినే భద్రపరిచాడు. అరువిచ్చిన గొడుగును తిట్టకుండా, “రేపన్నా” అని అడిగిన మనిషి కూడా అలాంటివాడే. మరుసటి రోజు నిన్ను కలుస్తానన్న నమ్మకంతో అడిగాడు. కోపంతో విడిపోయినవారు అలా అడగరు.

ఇక ఆచరణ సంగతి. గొడుగు ఇప్పుడు వారసుల సొత్తు, నీ దగ్గరున్న అమానత్. ఇంటికి పోయి ఇవ్వు అన్నాను. వాళ్ళ అమ్మ ముఖం ఎలా చూడాలని అడిగాడు. ఆ గొడుగు మాటనే చెప్పమన్నాను. ఉమర్ (రజి) కూడా మంచం మీద నుండి తన అప్పు లెక్క చూడమని కుమారునికి చెప్పారు. 86 వేలు తేలింది. మొదట తమ కుటుంబపు ఆస్తి నుండి, చాలకపోతే బనూ అదీ వారిని అడిగి, అప్పటికీ చాలకపోతే ఖురైష్‌ను అడిగి తీర్చమన్నారు. చనిపోయినవారి బాకీలు, వారికి రావలసినవి తేల్చడం సంతాప వాక్యాలకంటె ముందు చేయవలసిన పని. మన ఇళ్ళలో చాలామంది నలభై రోజుల వంటల లెక్క తేలుస్తారు గానీ ఈ లెక్క తేల్చరు.

మరొక చిక్కు కూడా ఉన్నది. మృతుడు ఆఫీసు నుండి ఎన్ని గంటలకు బయలుదేరాడో, బయట ఎవరు ఎదురుచూస్తున్నారో చూసినవాడు ఇతడే. సాక్ష్యం చెబితే చిక్కుల్లో పడతావని ఇంట్లో అందరూ ఆపారు. సాక్ష్యాన్ని దాచేవాని హృదయం పాపిష్ఠిదని దివ్యఖుర్ఆన్ బఖరా సూరా చెబుతున్నది. వారి భయం నాకు అర్థమైనదేగానీ, ఆ ఆయతు ఎదుట నేను మరొక మాట చెప్పలేకపోయాను. తండ్రిని వెంటబెట్టుకొని వెళ్ళమన్నాను.

గొడుగు కమ్మీ ఒకటి విరిగి ఉన్నదట. బాగుచేయించి ఇవ్వాలా అని అడిగితే, విరిగింది నీ దగ్గరైతే చేయించు, ముందే విరిగి ఉంటే అలాగే ఇవ్వు అన్నాను. ముందే విరిగినదట. ఆ తల్లి దానిని తీసుకొని, కొడుకు ఏ గొంతుతో అడిగాడో, నవ్వుతూ అడిగాడా అని నాలుగుసార్లు చెప్పించుకున్నదట. మరుసటి వారం అతడు వాంగ్మూలం ఇచ్చి వచ్చాడు. కేసు ఇంకా వాయిదాల్లోనే ఉన్నది.