పరదా కుట్టిన చేతులకు పద్దు ఏది?

"ఏం పని చేస్తుంటారు?" అని అడిగితే వేదాద్రిలో ఒకామె, "ఏముందండీ, ఇంట్లో ఖాళీగానే ఉంటా" అంది. ఆమె వెనక గుమ్మానికి పాత నూలుచీర పరదా ఊగుతోంది. పద్దెనిమిది అడుగుల చీరను సగానికి కోస్తే రెండు గుమ్మాలకు వస్తుంది. పైన తీగ దూరేంత మడత, కింద బరువు కోసం రెండు మడతలు. పక్కల చీర అంచే ఉంది కాబట్టి కుట్టక్కర్లేదు. మిగిలిన ముక్క మసిగుడ్డ అయింది. ఇదే జగ్గయ్యపేటలో కుట్టిస్తే కూలి ఇవ్వాలి.

ఆ "ఖాళీ" ఆమె సొంతమాట కాదు. జాతీయ నమూనా సర్వేల్లో, ఇంటిపనితోపాటు ఇంటి వాడకానికి కుట్టు, నేత చేసేవారికి 93 అనే సంకేతం ఉంది. అంటే సర్కారుకు ఈ పని కనిపిస్తూనే ఉంది! అయినా ఆమెను శ్రామికుల లెక్కలో చేర్చదు. ఇంటి కోసం చేసుకున్న వస్తువు కూడా ఉత్పత్తేనని ఐక్యరాజ్యసమితి జాతీయ ఖాతాల పద్ధతి 1993లోనే ఒప్పుకుంది. పరదా కుట్టడం ఉత్పత్తి; ఉతకడం మాత్రం కాదట! 2019 కాల వినియోగ సర్వేలో జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తే, చేసే పురుషులు 97.

మన సంఘాల సర్వేల్లోనైనా "ఉద్యోగమా, గృహిణా?" అన్న ప్రశ్న తీసేద్దాం. నిన్న లేచిన దగ్గర్నుంచి ఏమేం చేశారని అడుగుదాం. నేనలా అడిగాకే ఆమె పరదాల సంగతి చెప్పింది.