మూసిన బుట్టలో ఏమున్నది?



సంతలోనో, బస్సుస్టాండు పక్కనో గారడీవాడు ఆట కట్టటం మీరు చూశారో లేదో. మా చిన్నతనంలో వారానికి ఒకడు వచ్చేవాడు. నేలమీద గుడ్డ పరిచి, ఒక పక్క మూతవేసిన బుట్ట పెట్టేవాడు. ఇంకో పక్క ముంగిసను మేకుకు కట్టేవాడు. "ఈ బుట్టలో ఉన్న పాముకూ, ఈ ముంగిసకూ పోట్లాట పెడతాను. ఎవరూ కదలకండి!" అంటూ డోలు వాయించేవాడు. జనం మూగేవారు. వాడు బుట్టమీద చెయ్యి వేసేవాడు, తీసేవాడు, మళ్ళీ వేసేవాడు. మధ్యలో తాయెత్తులు అమ్మేవాడు. తాయెత్తులు అయిపోయాక గుడ్డ దులుపుకుని వెళ్ళిపోయేవాడు. ఆ పోట్లాట నేను ఒక్కనాడు కూడా చూడలేదు. అయినా మరుసటి వారం డోలు వినబడితే మళ్ళీ పరుగెత్తేవాణ్ణి!

ఈ గారడీవాడు నాకు ఇప్పుడెందుకు గుర్తుకు వచ్చాడంటే, మా ఎదురింట్లో ఒక అన్నా, చెల్లెలూ ఉన్నారు. బడి వాళ్ళ ఇంటికి మూడు కిలోమీటర్లు. ఈ ఏడు సైకిలు కొంటానని వాళ్ళ నాన్న మాట ఇచ్చాడు. అన్న తొక్కాలి, చెల్లెలు వెనక కూర్చోవాలి. అంతా నిశ్చయమయినాక, ఒకనాడు అన్న వచ్చి, "నాన్నా, సైకిలు వద్దు. త్వరలో కొత్త టాబ్లెట్ రాబోతున్నదిట. ఆ డబ్బు దానికి దాచు," అన్నాడు.

టాబ్లెట్ అంటే జ్వరానికి వేసుకునే మాత్ర కాదు సుమా! పలకలాగా చేతిలో పట్టుకుని, అద్దంమీద వేలితో తాకి పనిచేయించే కంప్యూటరు.

"అది ఎట్లా ఉంటుంది?" అని నాన్న అడిగాడు.

"ఎవరికీ తెలియదు."

"ఖరీదెంత?"

"ఇంకా చెప్పలేదు."

"ఏమేమి చేస్తుంది?"

"చాలా రహస్యంగా ఉంచారు నాన్నా! అంటే ఎంత గొప్పగా ఉంటుందో చూసుకో!"

చెల్లెలు ఏడుపు మొహంతో నా దగ్గరికి వచ్చి, "తాతయ్యా, నువ్వే తీర్పు చెప్పు," అన్నది. అన్న కూడా వెంటనే వచ్చాడు. నేను తీర్పు చెప్పలేదు గాని, వాళ్ళిద్దరికీ ఒక జరిగిన సంగతి చెప్పాను. మీకూ చెపుతాను.

అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలో, కుపర్టినో అనే ఊళ్ళో ఆపిల్ కంపెనీ ఉన్నది. 2009 చివర్లో ఆ కంపెనీ ఒక పలక కంప్యూటరు తయారుచేస్తున్నదని వదంతి బాగా వ్యాపించింది. కంపెనీవారు అవుననలేదు, కాదనలేదు. దానితో వదంతికి రెక్కలు వచ్చాయి. కొందరు దానికి పేరు కూడా పెట్టేశారు. "ఐస్లేట్" అన్నారు. స్లేట్ అంటే మన పలకే. 2010 జనవరిలో ఒక వార్తాసంస్థ, "ఆ వస్తువును ఒక గంటసేపు మా చేతికిస్తే 1,00,000 డాలర్లు ఇస్తాము," అని ప్రకటించింది. వెంటనే కంపెనీ వకీళ్ళు నోటీసు పంపారు. దానికి అందరూ ఏమనుకున్నారో తెలుసా? "నోటీసు వచ్చిందంటే వస్తువు ఉన్నట్టే గదా!" అనుకున్నారు.

తరవాత పత్రికలవారికి ఆహ్వానాలు వెళ్ళాయి. వాటిమీద రంగుల చుక్కలు చల్లి ఉన్నాయి. తమ సరికొత్త సృష్టిని చూడటానికి రమ్మని మాత్రమే రాసి ఉన్నది. ఆ సృష్టి ఏమిటో లేదు.

2010 జనవరి 27, బుధవారం నాడు, శాన్‌ఫ్రాన్సిస్కోలో యెర్బా బ్యూనా కళాకేంద్రం రంగస్థలంమీదికి ఆ కంపెనీ పెద్ద స్టీవ్ జాబ్స్ వచ్చాడు. బుట్ట మూత తీశాడు. దాని పేరు ఐప్యాడ్. అద్దం కొలత మూల నుంచి మూలకు 9.7 అంగుళాలు. బరువు సుమారు 680 గ్రాములు. ఆ వారం ఎకానమిస్ట్ పత్రిక ముఖచిత్రంలో జాబ్స్‌ను తలచుట్టూ కాంతివలయంతో, చేతిలో పలకతో, మతప్రవక్తలాగా చిత్రించారంటే ఎంత హడావుడి జరిగిందో ఊహించుకోండి.

ఇంతవరకూ చెప్పేసరికి అన్న ఎగిరి గంతేశాడు. "చూశావా తాతయ్యా! ఆ గారడీవాడు పాముని చూపించలేదు. వీళ్ళు చూపించారు!"

నిజమే. వాడికీ వీళ్ళకూ అది పెద్ద తేడా. ఒప్పుకోవలసిందే.

"అయితే అన్ని రోజులు దాచటమెందుకు?" అన్నది చెల్లెలు.

"పరీక్షలో నా పేపరు పక్కవాడికి చూపిస్తే వాడు కాపీ కొట్టడూ? ఇదీ అంతే. కష్టపడి చేసినవాళ్ళకు దాచుకునే హక్కు ఉన్నది. పైగా, సగం ఉడికిన అన్నం మూత తీసి చూస్తే అమ్మ ఊరుకుంటుందా?"

ఈ మాటలు నాకు నచ్చాయి. పని పూర్తికాకముందు పదిమందీ పదిరకాలుగా అంటే చేసేవాడి చేతులు ఆడవు. కాని చెల్లెలు తక్కువదా? "అన్నం ఉడికేదాకా మూత పెట్టటం సరే. మూతపెట్టి, వీధంతా వాసన పంపటమెందుకు?" అన్నది.

ఆ పిల్ల సరిగ్గా అసలు చోటే పట్టుకున్నది! ఆ కంపెనీలో పూర్వం పనిచేసిన ఒకాయన 2010 జనవరిలోనే ఒక వ్యాసం రాశాడు. కొన్ని రహస్యాలు వాటంతట అవి బయటికి పొక్కవనీ, కావాలనే తెలిసిన విలేఖరి చెవిన వేస్తారనీ, కాగితంమీద ఏమీ ఉండకుండా ఫోనులోనే చెపుతారనీ ఆయన వాదం. ఐప్యాడ్ విషయంలో ఎవరు ఎవరికి ఏం చెప్పారో బయటివాళ్ళం మనకెట్లా తెలుస్తుంది? కాని ఖరీదు సంగతి చూడండి. ఆ పలక ఖరీదు వెయ్యి డాలర్లకు కాస్త తక్కువగా ఉంటుందని ముందునుంచీ పత్రికలు రాశాయి. ఆనాడు రంగస్థలంమీద జాబ్స్ ఆ సంగతే ఎత్తి, వెనక తెరమీద 999 అనే అంకె పెద్దగా వేయించాడు. అది అందరి కళ్ళలోనూ పడేదాకా ఉంచాడు. అప్పుడు దానిమీద 499 వచ్చి పడింది! జనం చప్పట్లు కొట్టారు.

తిరునాళ్ళలో గాజులమ్మేవాడు మొదట రెండువందలు చెప్పి, "మీ మొహం చూసి వంద" అంటే మనకు లాభం వచ్చినట్టు ఉంటుంది గదా? ఆ గాజులు ఎనభైకి తగినవా, నూటఇరవైకి తగినవా అని ఆలోచించం. రెండువందల పక్కన వందను పెట్టి చూస్తాం. పెద్దవాళ్ళు కూడా దీనికి అతీతులు కారు. ఈ మధ్య మా ఇంట్లో ఒక మిక్సీ ఇట్లాగే వచ్చింది.

సరే, అంత దాచిన ఆ పలకలో నిజంగా కొత్త రహస్యం ఎంత? వేలు తాకితే అద్దానికి ఎట్లా తెలుస్తుంది? అద్దం కింద కంటికి కనబడనంత పలచని పూత ఉంటుంది. దానిలో విద్యుత్తు ప్రవహించగలదు. మన శరీరంలో ఉప్పునీరున్నది గనక అది కూడా విద్యుత్తును పోనిస్తుంది. వేలు దగ్గరికి వస్తే, అక్కడ ఉన్న విద్యుదావేశంలో రవ్వంత మార్పు వస్తుంది. ఆ మార్పు ఎక్కడ జరిగిందో యంత్రం కొలుస్తుంది. ఎండుపుల్లతో తాకితే ఏమీ కాదు. ఇంట్లో ఫోనుంటే, పెద్దలనడిగి అగ్గిపుల్లతో తాకి చూడండి. తలుపువైపు కాదు, మందు లేని పుల్లవైపు!

ఈ పద్ధతి గురించి ఇంగ్లండులో ఇ. ఎ. జాన్సన్ అనే ఇంజనీరు 1965 లోనే శాస్త్రపత్రికలో వ్యాసం ప్రకటించాడు. పుస్తకమంత కంప్యూటరు పిల్లల చేతుల్లో ఉండాలని అమెరికాలో అలన్ కే అనే ఆయన కల కన్నాడు. దానికి "డైనాబుక్" అని పేరు పెట్టి, అట్టతో నమూనా చేసుకుని, 1972 లో ఆ ఆలోచన అంతా వ్యాసంగా రాశాడు. వాళ్ళు బుట్టలో పెట్టి మూత వెయ్యలేదు. ఎవరయినా చదువుకోవచ్చును. ఇట్లా అందరికీ చెప్పిన సంగతులెన్నో కలిస్తేనే ఎవరికీ చెప్పని ఆ వస్తువు తయారయింది. అయితే వాటిని కూర్చి, పలచగా, తేలికగా, చెప్పినట్టు వినేటట్టు చెయ్యటం సామాన్యమయిన పని కాదు. ఆ వ్యాసాలు అందరికీ దొరికేవే, అయినా అందరూ చెయ్యలేకపోయారు. ఈ మాట అన్న తరఫున నేనే అన్నాను.

ఇక జనం ఏమన్నారు? కెమెరా లేదని కొందరు, "ఇంతేనా! ఇది పెద్ద ఫోను" అని కొందరు పెదవి విరిచారు. నెలల తరబడి ఊహించుకున్న వస్తువుతో నిజమయిన వస్తువు ఎట్లా పోటీపడుతుంది? అయినా 2010 ఏప్రిల్ 3 న అమ్మకం మొదలయితే, మొదటినాడే 3,00,000 పోయాయి. ఆ సంవత్సరం ఆఖరుకు సుమారు కోటీ యాభై లక్షలు అమ్ముడయాయి.

"అయితే నేనే గెలిచాను!" అన్నాడు అన్న.

ఆగవోయ్. అంతకు తొమ్మిదేళ్ళ ముందు, 2001 లో, డీన్ కామెన్ అనే ఆయన ఏదో కనిపెట్టాడనీ, అది లోకాన్ని మార్చేస్తుందనీ అమెరికా అంతా గగ్గోలయింది. అదేమిటో ఎవరికీ తెలియదు. దాన్ని "ఇట్" అన్నారు, అంటే "అది" అని! జనం చూస్తే చాలు, నగరాలే దానికి తగినట్టు కట్టుకుంటారనే అర్థం వచ్చే మాట ఈ స్టీవ్ జాబ్సే అన్నాడట. డిసెంబరు 3 న మూత తీశారు. మనిషి నిలబడి పోయే రెండు చక్రాల బండి! పేరు సెగ్వే. బండి చక్కనిదే. పడిపోకుండా తనంతట తాను నిలుస్తుంది. కాని 2020 లో తయారీ ఆపేసేనాటికి, సుమారు ఇరవై ఏళ్ళలో, 1,40,000 మాత్రమే అమ్ముడయాయి. రెండు బుట్టలకూ ఒకే రకం డోలు వాయించారు. డోలు చప్పుడు విని లోపల ఏముందో ఎవరు చెప్పగలరు?

మన దేశంలో ఇంకో తమాషా జరిగింది. ఇక్కడ దాచలేదు, ముందే చాటారు. 2010 జూలైలో కేంద్రమంత్రి కపిల్ సిబల్, విద్యార్థులకు 35 డాలర్ల పలక వస్తుందని నమూనా చూపించాడు. 2011 అక్టోబరు 5 న ఢిల్లీలో "ఆకాశ్" విడుదలయింది. ప్రభుత్వం కొన్న ధర 2,276 రూపాయలు. దాన్ని కూర్చిన పని మన హైదరాబాదులోనే జరిగింది. పేద పిల్లలకు కంప్యూటరు ఇవ్వాలనే ఆశ మంచిదే. కాని దాని అద్దం, ఇందాక చెప్పిన పద్ధతిది కాదు. గట్టిగా నొక్కితే రెండు పొరలు అంటుకుని పనిచేసే రకం. నడక నెమ్మది, బ్యాటరీ త్వరగా అయిపోయేది. మరుసటి సంవత్సరం మెరుగయిన రకం వచ్చిందిగాని, ఆకాశ్ చాటినంత దూరం పోలేదు. చేతికి రాకముందు దాచటమయినా, చాటటమయినా, మనం చూసేది మన ఊహనే.

ఈ మాటలన్నీ విని చెల్లెలు ఊరుకోలేదు. శనివారం నాడు ఒక రేకు డబ్బాకు ఎర్రగుడ్డ చుట్టి, తాడు కట్టి, వాళ్ళ అరుగుమీద పెట్టింది. "ఇందులో ఒకటుంది. రేపు సాయంత్రం చూపిస్తాను," అన్నది. అంతే, ఇంకేమీ చెప్పలేదు. చీకటి పడేలోగా వీధిలో పిల్లలంతా చేరారు. కుందేలుపిల్ల అని ఒకడు, కాదు బొమ్మ విమానమని ఇంకొకడు. ఊపిరి వినబడిందని ఒకడు ప్రమాణం కూడా చేశాడు! అందరికన్న ఎక్కువ సేపు డబ్బా చుట్టూ తిరిగినవాడు వాళ్ళ అన్న. ఆదివారం మూత తీస్తే లోపల పాతపలక ఒకటి, బలపం ముక్క ఒకటి ఉన్నాయి. "ఇంతేనా!" అని అందరూ ఒక్కసారి అరిచి వెళ్ళిపోయారు. మూడేళ్ళవాడు ఒకడు మాత్రం పలక తీసుకుని అరుగుమీద చతికిలబడి, చీకటి పడేదాకా గీతలు గీస్తూ కూర్చున్నాడు.

మరి మీరేమంటారు? తయారుచేసేవారు దాచుకోవటం న్యాయమేనా? ఎంతవరకు? ఒక కార్డుమీద రాసి పంపండి. అమ్మా నాన్నా వేరేగా అంటే, వారినీ వేరే కార్డు రాయమనండి. బాగున్నవి వచ్చే నెల వేస్తాము.

సైకిలు సంగతి కూడా వచ్చే నెల చెపుదామనుకున్నాను. కాని అట్లా చేస్తే నేనూ గారడీవాడినే అవుతాను. మొన్న గురువారం సైకిలు వచ్చింది. ఆకుపచ్చది. చెల్లెలు వెనక కూర్చుని వెళుతున్నది. అన్న మాత్రం ఆ టాబ్లెట్ వచ్చే తేదీ చుట్టూ కాలెండరులో సున్న చుట్టి పెట్టుకున్నాడు. అడిగితే, "కొనటానికి కాదు తాతయ్యా, చూడటానికి," అంటున్నాడు.