ఆగి ఉంటే బతికేవాడుగా!

రోడ్డు మీద పోలీసు తనిఖీలో ఎవరైనా చనిపోయారని తెలియగానే మన దగ్గర ముందు వినపడేది సంతాపం కాదు, తీర్పు. "ఆగి ఉంటే బతికేవాడుగా!" మంగళగిరి గాలిగోపురం పక్క టీ కొట్టులోనూ ఇదే మాట, వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇదే మాట. "హెల్మెట్ పెట్టుకుంటే ఎవరాపేవాళ్ళు? తప్పు చెయ్యకపోతే భయమెందుకు?" దీని వెనకే ఇంకొకటి వస్తుంది: "పోలీసు మాత్రం మనిషి కాదా అండీ, ఏదో పొరపాటు జరిగిపోయింది, దానికి అతన్ని జైల్లో పెడితే రేపు రోడ్డు మీద డ్యూటీ ఎవరు చేస్తారు?" కాస్త చదువుకున్నవాళ్ళు దీనికే మనోస్థైర్యం అని పేరు పెట్టారు. బలగాల మనోస్థైర్యం దెబ్బతింటుందట.

ఈ వాదన తప్పు. ఎందుకు తప్పో చెప్పేముందు ఒక మాట ఒప్పుకుంటాను. తనిఖీలు కావాలి. హెల్మెట్ లేకుండా తలలు పగిలి చనిపోతున్నవాళ్ళ సంగతి మీద మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టే 2024లో పోలీసులను గట్టిగా నిలదీసింది. కాజ టోల్‌ప్లాజా నుంచి కనకదుర్గ వారధి దాకా అర్ధరాత్రి తాగి నడిపేవాళ్ళను ఆపకపోతే పొద్దున మార్చురీ నిండుతుంది. కాబట్టి ఆపాలా వద్దా అన్న పంచాయితీ ఇక్కడ లేదు. ఆపేటప్పుడు మనిషి చనిపోతే ఆ చావుకు ఎవరు జవాబు చెప్పాలి అన్నదే ఉంది.

ముందు నేరం తూకం చూద్దాం. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు. అధికారి ఇచ్చిన ఆదేశం వినకపోతే రెండు వేలు. ఆపమంటే ఆగకుండా పోయినవాడు చట్టం కళ్ళకు చేసిన తప్పు ఇంతే. పైగా నంబరు ప్లేటు ఫొటో తీస్తే ఇ-చలానా ఇంటికి వచ్చి పడుతుంది. అలాంటప్పుడు పారిపోతున్న బండి వెనక జీపు పరిగెత్తడానికీ, హ్యాండిలు పట్టుకు లాగడానికీ, లాఠీ అడ్డం పెట్టడానికీ అవసరమేమిటి? వెయ్యి రూపాయల జరిమానా కోసం ప్రాణం పణంగా పెట్టడం ఏ లెక్కలో విధి నిర్వహణ? బండి మీదున్నవాడు దొంగో హంతకుడో అని ముందే సమాచారం ఉంటే అది వేరు. అది వాహన తనిఖీ కాదు.

2018 మార్చి 7న తమిళనాడు తిరుచిరాపల్లి దగ్గర తువాకుడిలో ఇదే జరిగింది. హెల్మెట్ తనిఖీలో ఆగని బండిని ఒక ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్ వెంటాడి కాలితో తన్నాడు. బండి పడింది, వెనక కూర్చున్న ఇల్లాలు చనిపోయింది. వేలమంది హైవే మీద కూర్చున్నాక అరెస్టు జరిగింది. ఆ జనం రోడ్డెక్కకపోతే ఏమయ్యేదో ఊహించుకోవడానికి మనం తమిళనాడు దాకా పోనక్కరలేదు.

2020 ఏప్రిల్ 20న, లాక్‌డౌన్ రోజుల్లో, సత్తెనపల్లిలో మందులకని బయలుదేరిన ఒక ముస్లిం యువకుణ్ణి చెక్‌పోస్టు దగ్గర ఆపారు. పోలీసులు కొట్టారని కుటుంబం చెప్పింది. అతను చనిపోయాడు. అతనికి ముందే గుండె జబ్బు ఉందని పోలీసుల వైపు నుంచి వచ్చింది. ఎస్‌ఐని సస్పెండ్ చేశారు. మూడు నెలలు తిరక్కుండానే, జులైలో, చీరాలలో మాస్కు లేదని బండి మీద పోతున్న ఒక దళిత యువకుణ్ణి ఆపారు. తల మీద లాఠీ దెబ్బ వల్ల చనిపోయాడని ఇంటివాళ్ళు అన్నారు. కదులుతున్న జీపులోంచి తనే దూకాడని పోలీసులు అన్నారు. ప్రభుత్వం విచారణకు ఆదేశించి పది లక్షల పరిహారం ప్రకటించింది.

ఈ రెండు ఘటనల్లో ఎవరు చెప్పింది నిజమో తేల్చడం వ్యాసకర్త పని కాదు. నా పట్టు వేరేచోట ఉంది. రెండుచోట్లా పోలీసుల కథలో ఎక్కడా పొరపాటు లేదు చూడండి. ఒకడు గుండె వల్ల పోయాడు, ఒకడు దూకి పోయాడు. "పోలీసూ మనిషే, పొరపాటు చేస్తాడు" అని టీ కొట్టు దగ్గర మనం ఉదారంగా క్షమించేస్తున్నాం గానీ, క్షమాపణ కోరినవాళ్ళు ఎవరు? శాఖ కాగితం మీద పోలీసు పొరపాటు అన్నది దాదాపు ఎన్నడూ జరగదు. పొరపాటు ఎప్పుడూ చచ్చినవాడిదే. ఆ మొదటి కాగితం రాసేది, శవపంచనామా చేసేది, సాక్షుల్ని పిలిచేది అదే స్టేషను. జవాబుదారీతనం కోర్టులో ఓడిపోవడం లేదు, ఆ మొదటి కాగితంలోనే ఓడిపోతోంది.

ఇక్కడ చట్టంలో ఒక సందు ఉంది, దాన్ని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. స్టేషన్లో, అంటే కస్టడీలో, మనిషి చనిపోతే కొత్త నాగరిక్ సురక్షా సంహిత 196వ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేట్ విచారణ జరపాలి. ఇరవై నాలుగు గంటల్లో జాతీయ మానవ హక్కుల సంఘానికి తెలపాలని 1993 నుంచీ ఆదేశం ఉంది. పోలీసు కాల్పుల్లో చనిపోతే 2014లో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు పెట్టిన నియమాలు ఉన్నాయి, దర్యాప్తు సీఐడీకో వేరే స్టేషనుకో వెళ్ళాలి. మరి రోడ్డు మీద ఆపినప్పుడు, అరెస్టు రాయకముందే, తుపాకీ పేలకుండానే, ఒక తన్నుకో ఒక తోపుకో చనిపోతే? కస్టడీ కాదని వాదించవచ్చు. ఎన్‌కౌంటర్ అసలే కాదు. అలా ఆ చావు మామూలు రోడ్డు ప్రమాదంగా, కాకపోతే అనుమానాస్పద మృతిగా మిగిలిపోతుంది. పోలీసు స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టి తీరాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. గేటు దాటి రోడ్డెక్కితే ఆ ఆదేశం వర్తించదు.

ఇక్కడి చావుల మీద ఇలా మాట్లాడే మనం, అమెరికాలో పోలీసు కారు కింద మన పిల్ల పోతే ఏమన్నామో చూద్దాం. ఆదోని నుంచి సియాటిల్ వెళ్ళి చదువుకుంటున్న కందుల జాహ్నవి 2023 జనవరి 23 రాత్రి జీబ్రా క్రాసింగ్ దాటుతుండగా పోలీసు కారు గుద్ది చనిపోయింది. గంటకు 25 మైళ్ళ పరిమితి ఉన్న వీధిలో కెవిన్ డేవ్ అనే ఆ అధికారి 74 మైళ్ళ దాకా పోయాడు. మన లెక్కలో నలభై కిలోమీటర్ల వీధిలో దాదాపు నూట ఇరవై. తర్వాత డేనియల్ ఆడరర్ అనే మరో అధికారి ఫోన్లో నవ్వుతూ, పదకొండు వేల డాలర్ల చెక్కు రాస్తే సరిపోతుందని, ఆమె విలువ అంతంత మాత్రమేనని అనడం అతని ఒంటి మీది కెమెరాలోనే రికార్డయింది. అది బయటికి రాగానే తెలుగువాళ్ళం రగిలిపోయాం. నాటి ముఖ్యమంత్రి విదేశాంగ మంత్రికి లేఖ రాశారు. రగలాల్సిందే.

అయితే ఆ పదకొండు వేల డాలర్లను అప్పటి మారకంలో రూపాయల్లోకి మార్చండి. తొమ్మిది లక్షల పైచిలుకు. చీరాలలో మనం కట్టిన వెల పది లక్షలు. అతను నవ్వుతూ అన్నాడు, ఇక్కడ గంభీరంగా ప్రకటించారు, అంతే తేడా. అక్కడ మన పిల్ల విలువ కట్టడానికి వాడెవడన్నాం. ఇక్కడ "పాపం, ప్రభుత్వం ఆదుకుంది" అన్నాం. "అంత రాత్రి రోడ్డు దాటడం ఎందుకు?" అని జాహ్నవిని అడిగిన తెలుగువాడు నాకు కనపడలేదు. మంచిదే. కానీ "లాక్‌డౌన్లో బయటికెందుకొచ్చాడు?" అని సత్తెనపల్లిలో అడిగినవాళ్ళు కోకొల్లలు. అక్కడ లేచిన గొంతు ఇక్కడ ఎందుకు పూడుకుపోయిందో చెప్పడానికి కులం, మతం, వర్గం అనే మూడు మాటలు చాలు. విడమరచడం నాకూ ఇష్టం లేదు, మీకూ అక్కరలేదు.

సియాటిల్‌ను ఆదర్శంగా చూపించడం లేదు. 2024 ఫిబ్రవరిలో కింగ్ కౌంటీ ప్రాసిక్యూటర్ నేరాభియోగం మోపలేమని తేల్చేశారు. నిర్లక్ష్యపు డ్రైవింగ్ అని ఐదు వేల డాలర్ల జరిమానా, దాంతో సరి. ఆడరర్‌ను 2024 జులైలో, డేవ్‌ను 2025 జనవరిలో ఉద్యోగంలోంచి తీసేశారు. తీసేయడానికి దాదాపు రెండేళ్ళు పట్టింది. అయినా ఒక సంగతి గమనించాలి. కారు ఎంత వేగంతో పోయిందన్నది అక్కడ ఎవరి మాట మీదా ఆధారపడలేదు. లెక్క తేలింది, ఊరందరికీ తెలిసింది. ఆ అమ్మాయే కారు కింద దూకిందని రాసుకోవడానికి వీల్లేకపోయింది.

ఇక పొరపాటు అన్న మాటను నిజంగానే తీసుకుందాం. దురుద్దేశం ఏమీ లేదు, నిజంగా పొరపాటే అనుకుందాం. 2021 ఏప్రిల్ 11న మినసోటాలోని బ్రూక్లిన్ సెంటర్‌లో కాలం చెల్లిన రిజిస్ట్రేషన్ స్టిక్కరు, అద్దానికి వేలాడే సువాసన బిళ్ళ చూసి డాంటే రైట్ అనే ఇరవై ఏళ్ళ కుర్రాడి కారు ఆపారు. అతని మీద వారెంటు ఉందని తేలింది, పట్టుకోబోతే తప్పించుకోబోయాడు. కిమ్ పాటర్ అనే సీనియర్ అధికారిణి షాక్ తగిలించే టేజర్ అనుకుని తుపాకీ పేల్చింది. అది పొరపాటని అందరూ ఒప్పుకున్నారు, ప్రాసిక్యూషన్ కూడా కావాలని కాల్చిందని అనలేదు. అయినా జ్యూరీ దోషిగా తేల్చింది, రెండేళ్ళ జైలు పడింది. చాలదన్నవాళ్ళు ఉన్నారు, ఎక్కువన్నవాళ్ళు ఉన్నారు. కానీ ఆ పొరపాటు బరువు తూచింది ఆమె పై అధికారి కాదు, బయటివాళ్ళు. నేను అడిగేది అంతవరకే.

మనోస్థైర్యం గురించి ఆందోళన పడేవాళ్ళు ఒక ఆర్టీసీ డ్రైవర్‌ను తలుచుకోవాలి. అతని ఒంటి మీదా ఖాకీ చొక్కాయే. అతనూ ప్రభుత్వ పని మీదే రోడ్డెక్కాడు, ఎదురుగా వచ్చినవాడిది ఎంత తప్పున్నా బస్సు కింద మనిషి పడితే ఆ సాయంత్రమే అతని మీద కేసు. నిర్లక్ష్యం వల్ల మరణానికి పాత శిక్షాస్మృతి 304-ఎ కింద రెండేళ్ళు ఉండేది. కొత్త న్యాయ సంహిత 106వ సెక్షన్లో దాన్ని ఐదేళ్ళు చేశారు. వైద్యులకు మాత్రం రెండేళ్ళే అని మినహాయింపు రాశారు. పోలీసులకు అలాంటి మినహాయింపు ఆ సెక్షన్లో లేదు. చట్టం రాసినవాళ్ళు ఇవ్వని మినహాయింపును టీ కొట్టు దగ్గర మనం ఇస్తున్నాం. డ్రైవర్ల మీద కేసులు పెడితే రేపు బస్సులు నడవవని ఎవరూ అనరు. బస్సులు నడుస్తూనే ఉన్నాయి.

"సస్పెండ్ చేశారుగా, ఇంకేం కావాలి?" అంటారు. సస్పెన్షన్ శిక్ష కాదు. విచారణ జరిగేదాకా పక్కన కూర్చోబెట్టడం, సగం జీతంతో. వీఆర్‌కు, అంటే వేకెన్సీ రిజర్వుకు, పంపడం అంతకన్నా తేలిక. జనం కోపం చల్లారేదాకా కుర్చీ మార్చడం. పరిహారమూ శిక్ష కాదు, అది మన పన్నుల డబ్బు. అదైనా సులువుగా రాలేదు. అప్పటి కర్నూలు జిల్లా కోవెలకుంట్ల సబ్‌జైల్లో 1977 మే నెలలో బాంబులు వేసి ఒక ఖైదీని చంపారు. ప్రాణహాని ఉందని ముందే చెప్పినా తగిన కాపలా లేదు. గాయాలతో బయటపడిన అతని కొడుకు చల్లా రామకృష్ణారెడ్డి దావా వేస్తే, సార్వభౌమాధికారం కింద చేసిన పనికి పరిహారం ఇవ్వనక్కరలేదని మన రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వాదించింది. 2000లో ఓడింది. లక్షా నలభై నాలుగు వేల కోసం ఇరవై మూడేళ్ళు. జీవించే హక్కు ముందు సార్వభౌమాధికారం సాకు చెల్లదని దేశమంతా ఇప్పటికీ చెప్పుకునే తీర్పు అలా మన రాయలసీమ సబ్‌జైలు నుంచి వచ్చింది. ఆ కాపలా సరిగ్గా పెట్టని అధికారి జేబులోంచి మాత్రం ఆ డబ్బు రాలేదు.

కింది కానిస్టేబుల్‌ను బలిపెట్టమని కాదు నేను అంటున్నది. రోజుకూలీ లెక్కన పనిచేసే హోంగార్డును చీకట్లో, లైటు లేని బారికేడు పక్కన, హైవే మీద నిలబెట్టి "బండ్లు ఆపు" అని చెప్పి వెళ్ళిపోయిన అధికారి సంగతేమిటి? తనిఖీ చేస్తూ బండ్ల కింద పడి చనిపోయిన పోలీసులూ ఉన్నారు. ఎక్కడ నిలబడాలి, ఎంత దూరం నుంచి సంజ్ఞ చెయ్యాలి, ఆగకపోతే ఏం చెయ్యకూడదు అన్నది రాసి పెట్టి, అది రాయనివాణ్ణీ పాటించనివాణ్ణీ అడిగే పద్ధతి ఉంటే ముందు బతికేది వాళ్ళే.

ప్రతి రాష్ట్రంలో, ప్రతి జిల్లాలో పోలీసుల మీద ఫిర్యాదుల అథారిటీ పెట్టమని సుప్రీంకోర్టు ప్రకాశ్ సింగ్ కేసులో 2006లోనే చెప్పింది. మన రాష్ట్రంలో 2021లో చైర్మన్‌ను నియమిస్తే, ఆయన వయసు నిబంధనలకు సరిపోదంటూ ఆ నియామకమే హైకోర్టుకెక్కింది. పోలీసు మీద ఫిర్యాదు వినడానికి తగిన వయసున్న మనిషిని వెతకలేకపోయాం.

అథారిటీ వచ్చేదాకా ఆగనక్కరలేదు. మంగళగిరిలోనే, ఆరో బెటాలియన్ ఆవరణలో, రాష్ట్ర పోలీసు ప్రధాన కార్యాలయం ఉంది. అక్కడినుంచి ఒక మెమో పోతే చాలు. వాహన తనిఖీ జరుగుతుండగా గానీ, దాని వెంబడి గానీ మనిషి చనిపోతే దాన్ని కస్టడీ మరణంగానే లెక్కించి మేజిస్ట్రేటుకు రాయాలి. ఎఫ్‌ఐఆర్ ఆ స్టేషన్లో కాకుండా పక్క జిల్లా అధికారి చేతుల్లో ఉండాలి. చుట్టుపక్కల షాపుల కెమెరాలు, టోల్‌గేటు కెమెరాలు ఆ రాత్రే స్వాధీనం చేసుకుని, కాపీ కుటుంబానికి ఇవ్వాలి. శాఖాపరమైన విచారణలో ఏం తేలిందో ఆరు నెలల్లో బయటపెట్టాలి. ఇందులో ఏదీ శాసనసభకు పోవలసిన పని కాదు. అడగాల్సింది మనం. "ఆగి ఉంటే" అన్న మాట పక్కన పెట్టి, "ఆపినవాడు ఏం చేశాడు?" అని.