కంటతడి చాలునా?

బోయవాని బాణానికి నేలకూలిన క్రౌంచపక్షిని చూసి వాల్మీకి హృదయం ద్రవించింది. ఆ శోకమే శ్లోకమై ఆదికావ్యానికి నాంది పలికింది. మూగజీవి వేదనను మానవహృదయానికి చేర్చడంలో నాడు కవివాక్కు చేసిన పనిని నేడు ఛాయాచిత్రమూ చేస్తున్నది. అయితే చూసినవారి కరుణ ఎంతదూరం సాగుతున్నదన్నదే ప్రశ్న.

పశ్చిమ బెంగాల్‌లోని బాంకురా జిల్లాలో బిప్లవ్ హజ్రా తీసిన చిత్రానికి 2017లో ‘శాంక్చురీ’ వన్యప్రాణి ఛాయాచిత్ర పురస్కారం లభించింది. జనం విసిరిన మండే తారుముద్దల నడుమ తల్లి ఏనుగు పరుగెత్తుతున్నది. దాని వెనుక, కాళ్ల చుట్టూ మంటలతో గున్న ఏనుగు. ఆ దృశ్యానికి ఎందరో చలించారు. ఆ గుంపును నిందించారు.

ఆ నిందలో న్యాయముంది, సమగ్రత లేదు. చిత్రపు చట్రంలో ఏనుగులున్నాయి. చట్రానికి వెలుపల ఒక్క రాత్రిలో పైరు పోగొట్టుకునే రైతు ఉన్నాడు. అడవులు తరిగి, తరతరాల బాటలకు గనులు, రైలుమార్గాలు అడ్డురాగా ఏనుగులు చేలలోకి వస్తున్నాయి. కాగడా పట్టిన చేతిని దూషించి, బాట మూసిన చేతులను మరచిపోయే కరుణ సగం కరుణే. ఏనుగులపై మేకులను, అగ్నిగోళాలను ప్రయోగించరాదని సుప్రీంకోర్టు 2018లో ఆదేశించింది. అయినా 2024 ఆగస్టులో అదే రాష్ట్రంలోని ఝార్‌గ్రామ్‌లో మండే ఇనుపకమ్మీ గుచ్చుకొని ఒక ఆడ ఏనుగు ప్రాణం విడిచింది. ఏనుగుకు బాట, రైతుకు సకాలంలో పరిహారం దక్కనంతకాలం శాసనమొక్కటే ఆ మంటలను ఆర్పలేదు.

కరుణ కార్యరూపం దాల్చిన సందర్భాలూ ఉన్నాయి. 2013లో స్టీవ్ వింటర్ ప్రకటించిన చిత్రంలో, లాస్ ఏంజెలెస్‌లోని హాలీవుడ్ అక్షరాల ముందు రాత్రివేళ ఒక ప్యూమా నడుస్తున్నది. పరిశోధకులు ‘పి-22’ అని పిలిచిన ఆ మృగం మహారహదారుల మధ్య చిన్న అటవీ ప్రాంతంలో ఒంటరిగా చిక్కుకున్నది. నగరవాసులు దానిని తమదిగా భావించారు. విరాళాలు సమకూరాయి. పది వరుసల రహదారిపై వన్యమృగాల వంతెన నిర్మాణం 2022 ఏప్రిల్‌లో మొదలైంది. ఆ డిసెంబరులోనే పి-22 మరణించింది. తనకు దక్కని దారికి అది తన జాతి కోసం కారణమైంది.

వాల్మీకి శోకం కన్నీటితో ఆగిపోయి ఉంటే లోకానికి రామాయణం దక్కేది కాదు. వన్యమృగాల చిత్రాలను చూసి చలించే యువతరం, ఆ చిత్రం చూపని కారణాలను కూడా వెదకాలి. అప్పుడే కంటతడికి సార్థకత.