కొండబిడ్డకు చదువు నీడ

బొర్రా గుహలను చూచుటకు దేశము నలుమూలల నుండి జనులు వత్తురు. ఆ గుహల చెంత పెరిగిన విద్యార్థి, 30 కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్న అరకులోయ ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో చేరినచో, ప్రతిదినమును కొండదారిన వచ్చిపోవుట ప్రయాసము. వానకాలమున మరింత కష్టము. వసతి గృహము లేనిచో అతనికి కళాశాల ఉండియు లేనట్లే.

పెద్ద భవనములు, ప్రయోగశాలలు ముందు కావలెనని కొందరందురు. అవియు వలసినవే. కాని పట్టణ విద్యార్థికి ఇంటనే లభించు అన్నము, దీపము, చదువుకొనుటకు తావు కొండబిడ్డకు వసతి గృహముననే లభింపవలయును.

బొర్రా ప్రాంతపు గనుల వ్యాజ్యమున 1997లో సుప్రీంకోర్టు, ఏజెన్సీలో గనులు త్రవ్వు సంస్థలు నికరలాభమున కనీసము 20 శాతము గిరిజనుల విద్య, వైద్యము మొదలగువానికి ప్రత్యేకింపవలెనని తీర్పు చెప్పినది. కొండ సంపదలో కొండబిడ్డ చదువునకు భాగము కలదు. ఆ భాగము మొదట వసతి గృహమునకు చెందుట న్యాయము.