పేరు గొప్ప, మైదానమేదీ?

2025 ఫిబ్రవరి ఒకటో తారీకు సాయంత్రం మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. కంగారుపడకండి, అశుభమేమీ జరగలేదు. ఆ పూట రూర్కెలాలో హాకీ ఇండియా లీగు ఫైనలు. ఆడుతున్నది హైదరాబాద్ తూఫాన్స్, అంటే మనవాళ్లు. మనవాళ్లు ఫైనలాడుతుంటే వంటింట్లో పోపు వేసుకుంటూ కూచునే ఓపిక నాకు లేదు.

పొద్దుటినించీ బడ్జెట్టు ప్రసంగాలు చూసి చూసి డస్సిపోయిన మావారు టీవీ నాకు వదిలేశారు. వదిలేసి ఊరుకోవచ్చా? "ఇంతకీ వీళ్లలో మనవాళ్లెవరు?" అన్నారు.

"జట్టు పేరులో హైదరాబాదని లేదూ?" అన్నాను.

"ఉందిలే. హైదరాబాదు బిర్యానీ అని దుబాయిలో కూడా అమ్ముతారు" అన్నారాయన.

వాదించడానికి అది సమయం కాదని ఊరుకున్నాను గాని, ఆ మాట ఎక్కడో ముల్లులా గుచ్చుకుంది.

అసలు ఆ నెలంతా నా అవస్థ ఏం చెప్పను! ఎనిమిది జట్లు. సెమీఫైనలుకు వెళ్లేవి నాలుగే. పాలవాడి లెక్క రాసుకునే కేలండరు వెనక పాయింట్ల పట్టిక గీసుకున్నాను. ఈ రోజు వాళ్లు ఓడితే మనం పైకి, రేపు మనం డ్రా చేస్తే కిందికి. ఏ జట్టు ఓడిపోవాలో దేవుడికి రోజుకో చీటీ. తీరా సెమీస్ దాటి ఫైనలుకు వచ్చాం. గొంజాలో పెయ్యాట్ అని, అర్జెంటీనాలో పుట్టి జర్మనీకి ఆడే కుర్రాడు, మనకి రెండు గోల్సు వేశాడు. బెంగాల్ టైగర్స్ తరఫున జుగ్‌రాజ్ సింగు మూడు వేశాడు. మూడుకి మూడు సమానమయ్యాక, ఆఖరి పావు ఆటలో శామ్ లేన్ ఒకటి వేసి మా ఆశల మీద నీళ్లు పోశాడు. 4-3. నేను కొంగుతో కళ్లొత్తుకుంటుంటే, సెలవుకి వచ్చిన మా చెల్లెలి కూతురు, పదమూడేళ్లది, ఒక్క ప్రశ్న వేసింది.

"పెద్దమ్మా, పోన్లే. మన గ్రౌండులో ఆడేటప్పుడు మనం వెళ్లి గట్టిగా అరుద్దాం. మన గ్రౌండులో ఎప్పుడాడతారు?"

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆ సీజను మ్యాచీలన్నీ రూర్కెలాలో, రాంచీలో జరిగాయి. 2026లో లీగు చెన్నైకి, భువనేశ్వరుకి కూడా వెళ్లింది. హైదరాబాదుకి మాత్రం రాలేదు. మన పేరు పెట్టుకున్న జట్టు మన ఊళ్లో ఒక్క ఆటా ఆడలేదు! పేరు గొప్ప ఊరు దిబ్బ అని సామెత. ఇక్కడ ఊరు దిబ్బ కాదండీ. ఊరు బంగారంలా ఉంది. జట్టే ఊరికి రాదు.

"అయితే ఏమిటమ్మా? డబ్బు పెట్టినవాళ్ల ఇష్టం. టీవీలో చూడ్డంలా?" అనేవాళ్లున్నారు. వాళ్లకోసం కాస్త చరిత్ర చెప్పాలి. నేను బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని. మావారి పుట్టినరోజైనా మర్చిపోతాను గాని, ఇలాంటి తారీకులు మర్చిపోను.

2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు హైదరాబాదులో జరిగాయి. హాకీలో మన మగపిల్లలు ఫైనల్లో పాకిస్తాన్ మీద గెలిచి బంగారం తెచ్చారు. ఆడపిల్లలూ బంగారమే తెచ్చారు. ఆ ఊపులోనే 2005లో ప్రీమియర్ హాకీ లీగు పుట్టింది. ఎక్కడనుకున్నారు? మన గచ్చిబౌలిలో! మొదటి సంవత్సరం మ్యాచీలన్నీ అక్కడే. మొట్టమొదటి విజేత ఎవరనుకున్నారు? హైదరాబాద్ సుల్తాన్స్. క్రికెట్టుకి ఐపీఎల్ అన్నది పుట్టడానికి ఇంకా మూడేళ్లుందప్పటికి.

అప్పుడు నాకు కొత్తగా పెళ్లయింది. గచ్చిబౌలి అంటే ఊరి అవతల అన్నట్టుండేది. ఆయన స్కూటరు మీద, చలిలో, కొత్త శాలువా కప్పుకుని వెళ్లాను. బంతి కర్రకి తగిలిన చప్పుడు టీవీలో వినేది వేరు, అక్కడ విన్నది వేరు. పెనం మీద నీళ్లు చిలకరించినట్టు తడి మైదానం మీద బంతి సుయ్యిమని పోతుంటే ఒళ్లు ఝల్లుమంది.

మరి ఆ సుల్తానులేమయ్యారు? 2008తో ఆ లీగు మూతపడింది. సుల్తానులు గాలిలో కలిసిపోయారు. 2013 నించి 2017 దాకా హాకీ ఇండియా లీగు నడిచింది. ఢిల్లీ పేరుంది, రాంచీ పేరుంది, ముంబాయి పేరుంది. మన పేరు లేదు. ఏడేళ్లు ఆగి ఆ లీగు మళ్లీ మొదలైతే, అప్పటికి తూఫాన్స్ వచ్చారు.

ఇప్పుడు దీని పక్కన క్రికెట్టు పెట్టి చూడండి. దక్కన్ ఛార్జర్స్ 2009లో ఐపీఎల్ గెలిచారు. 2012లో ఆ జట్టుని రద్దు చేశారు. ఏడాది తిరక్కుండా సన్‌రైజర్స్ వచ్చి, 2013లో ఆడేశారు. జట్టు పోయినా జట్టు వచ్చింది. ఎందుకని? ఉప్పల్ స్టేడియం ఉంది. టిక్కెట్టు కోసం లైన్లో నించునే జనం ఉన్నారు. వీధి వీధినా బ్యాటు పట్టిన పిల్లలున్నారు. వేరు ఉంది కాబట్టి కొమ్మ నరికినా చిగురేసింది. సుల్తానులకి ఆ వేరు లేదు. పూలకుండీలో మొక్కలా వచ్చారు. కుండీ ఎత్తేశారు, అయిపోయింది.

నా భయం కూడా అదే. తూఫాన్స్ ఇప్పుడు ఎంత బాగా ఆడినా, వాళ్లూ కుండీలో మొక్కే. 2025 సీజను అయ్యాక ఉత్తరప్రదేశ్ పేరుతో ఆడిన రుద్రాస్ జట్టు యజమానులు ఖర్చు గిట్టుబాటు కావడంలేదని తప్పుకున్నారు. రేపు మనవాళ్లకీ గిట్టుబాటు కాకపోతే? ఏ గచ్చిబౌలి జనం, ఏ లాలాగూడ పిల్లలు "మా జట్టుని ఎలా తీసేస్తారు?" అని అడుగుతారు? చూడనిదాని కోసం ఎవరూ ఏడవరు.

"హాకీకి జనం రారండీ" అన్నది రెండో వాదన. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. రూర్కెలాకి ఎలా వస్తున్నారు? ఇరవై వేల మంది కూచునే బిర్సా ముండా స్టేడియం అక్కడ కట్టారు, 2023 ప్రపంచ కప్పు కోసం. దాని చుట్టూ ఉన్న సుందర్‌గఢ్ జిల్లా పల్లెల్లో వెదురు కర్రతో ఆడుకునే పిల్లలే పెద్దయి దేశానికి ఆడారు. మన జాతీయ జట్లకి 2018 నించి అండగా నిలబడింది ఏ కోటీశ్వరుడో కాదు, ఒడిశా ప్రభుత్వం. మనకి పక్క రాష్ట్రం. పక్కింటివాళ్లు పెరట్లో పాదు పెట్టి, నీళ్లు పోసి, పందిరేసి కాయలు కోసుకుంటున్నారు. మనం గింజ కూడా నాటకుండా, మా నేలలో బీరకాయ కాయదండీ అంటున్నాం.

మన నేలలో కాయకపోవడమేమిటి? నా చిన్నతనం రైల్వే కాలనీలో గడిచింది. మా నాన్నగారు గార్డు. సాయంత్రమైతే కాలనీ మైదానంలో హాకీ. ఆంగ్లో-ఇండియన్ అంకుల్సూ, మా నాన్నగారి స్నేహితులూ, కుర్రాళ్లూ అందరూ కలిసి ఆడేవారు. 1992లో బార్సిలోనా ఒలింపిక్స్‌లో మన హైదరాబాదు ముఖేష్ కుమార్ ఆడుతున్నాడంటే కాలనీ అంతా ఒకే టీవీ ముందు కూచుంది. ఆ తర్వాత అట్లాంటా, సిడ్నీ కూడా ఆడాడాయన. అంటే వరసగా మూడు ఒలింపిక్సు!

ఆ మైదానంలో నా ఉద్యోగం ఏమిటంటే, గోలు వెనక నించుని బయటికొచ్చిన బంతులు ఏరివ్వడం. పదమూడో ఏట ధైర్యం చేసి బళ్లో డ్రిల్లు మేష్టార్ని అడిగాను, నాకూ ఒక కర్ర ఇవ్వండని. ఆయన నవ్వి, "ఆడపిల్లలకి టెన్నికాయిట్ ఉందిగా తల్లీ" అన్నారు. ఇంటికొచ్చి చెబితే మా అమ్మ, "బంతి తగిలి పళ్లు రాలితే పెళ్లెలా అవుతుందే?" అంది. పళ్లు నిలిచాయి, పెళ్లీ అయింది. కాని ఆ కర్ర మాత్రం నా చేతికి రానేలేదు.

అందుకే మూడో సంగతి మరీ మరీ అడుగుతున్నాను. 2025లోనే ఆడపిల్లలకీ హాకీ లీగు మొదలైంది. నాలుగు జట్లు ఆడాయి. అందులో హైదరాబాదు లేదు. మగవాళ్లకి పేరు ఇచ్చిన ఊరు, ఆడపిల్లలకి పేరు కూడా ఇవ్వలేకపోయింది. ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లెటూరినించి వెళ్లిన రజని భారత జట్టుకి గోల్‌కీపరైంది. మన పిల్లకి ఆ శక్తి ఉందని ఒకసారి రుజువయ్యాక, రెండో రజని కోసం మనం వేసిన దారేది?

దారి వేస్తే ఏమవుతుందో కూడా చెబుతాను. తూఫాన్స్ ఓడిన మర్నాడే, అంటే ఫిబ్రవరి రెండున, కౌలాలంపూర్‌లో పందొమ్మిదేళ్లలోపు అమ్మాయిల క్రికెట్టు ప్రపంచ కప్పు ఫైనల్లో మన భద్రాచలం పిల్ల గొంగడి త్రిష మూడు వికెట్లు తీసి, 44 పరుగులతో నాటౌట్‌గా నిలిచి దేశానికి కప్పు తెచ్చింది. ఆ పిల్ల ఆట కోసం ఇంటిల్లిపాదీ సికింద్రాబాదు వచ్చేశారు. వచ్చారంటే, రావడానికి అక్కడ ఏదో ఉంది కాబట్టే కదా? హాకీ ఆడతానన్న పిల్లని ఏ ఊరు తీసుకెళ్లమంటారు? రూర్కెలాయా, రాంచీయా?

క్రికెట్టు మీద నాకు కోపం లేదు. ఆ రోజు త్రిషకోసం మా ఇంట్లో పాయసం కూడా వండాను. ఒక బిడ్డకి వెన్న పెడుతున్నారని రెండో బిడ్డ ఏడవదు. తనకి అన్నం కూడా పెట్టకపోతే ఏడుస్తుంది.

కాబట్టి జట్టు యజమానులకి నేను చెప్పేది ఇది. ఏడాదికి పది మ్యాచీలు అడగడం లేదు. ఒక్క రెండు మన ఊళ్లో ఆడించండి. బడి పిల్లలకి ఊరికే ప్రవేశం ఇవ్వండి. లీగు వాళ్లు ఒప్పుకోరంటే, సీజను ముందు ఒక స్నేహపూర్వక మ్యాచైనా పెట్టండి. హైదరాబాదు పేరు వాడుకున్నందుకు అద్దె అనుకోండి. ఆడపిల్లల జట్టు ఒకటి కట్టండి. ప్రభుత్వాల వారికి చెప్పేది, పతకం తెచ్చాక దండ వేయడానికి విమానాశ్రయానికి పరిగెత్తేకంటే, ముందు జిల్లాకి నాలుగు బళ్లలో పాతిక కర్రలూ, ఒక కోచీ ఉండేలా చూడండి. 2021లో టోక్యోలో, 2024లో ప్యారిస్‌లో మన మగవాళ్ల జట్టు కంచు పతకాలు తెస్తే మిఠాయి పంచుకున్నాం. మిఠాయి తినడానికి అందరం ఉన్నాం, చెరుకు నాటడానికే ఎవరూ లేరు.

ఇక ఆఖరి మాట, మనకి. అంటే నాకే. 2005లో ఆ రెండు మ్యాచీలు చూసొచ్చాక నేను మళ్లీ గచ్చిబౌలి మొహం చూశానా? లేదు. దూరమన్నాను, కడుపుతో ఉన్నానన్నాను, పిల్లాడికి జలుబన్నాను. సుల్తానులు మాయమైనప్పుడు పత్రికకి ఒక్క కార్డు ముక్క రాశానా? కథలు రాశాను, నవలలు రాశాను, ఆ ఒక్క కార్డే రాయలేదు. ఆ రాయని కార్డే ఇప్పుడు ఈ వ్యాసమనుకోండి.

మొన్న మా చెల్లెలి కూతురికి ఒక హాకీ కర్ర కొన్నాను. సికింద్రాబాదులో నాలుగు దుకాణాలు తిరిగితే దొరికింది. మూడు చోట్ల క్రికెట్టు బ్యాటు చూపించారు. పిల్ల దాన్ని పక్కలో పెట్టుకుని పడుకుంటోందట. "ఎక్కడాడాలి పెద్దమ్మా?" అని ఫోన్లో రోజూ అడుగుతోంది.

ముప్పై ఏళ్ల కిందట నాకు మైదానం ఉంది, కర్ర లేదు. ఇప్పుడు దానికి కర్ర ఉంది, మైదానం లేదు. ఈ రెండూ ఒక్క పిల్లకి ఒక్కసారి దొరకడానికి ఇంకెన్ని తరాలు పడుతుందో, హైదరాబాదు పేరు పెట్టుకున్నవాళ్లు కాస్త చెబుతారా?