ఆచారం ఆడబిడ్డకేనా?

మా మర్కూక్ మండలంలో కొండపోచమ్మ సాగర్ కట్ట మీద నిలబడితే నీళ్ళు కనబడతాయి. వాటి కింద మునిగిన పొలాలు కనబడవు. 15 టీఎంసీల జలాశయం అది. 2020 మే నెలలో గోదావరి నీళ్ళు వచ్చాయి. భూమి పోయినచోట పరిహారం వస్తుంది. ఎవరి పేరున? పాసుపుస్తకంలో ఉన్నవారి పేరున. మన పాసుపుస్తకాల్లో ఆడబిడ్డల పేర్లు ఎన్ని ఉన్నాయి? ఎవరి ఇంట్లో వాళ్ళు తీసి చూసుకోండి.

నాటు వేసింది ఆమె. కలుపు తీసింది ఆమె. తండ్రి పోయాక విరాసత్ కాగితం ముందు పెట్టి "సంతకం పెట్టు చెల్లె" అంటాం. వాటా అడిగితే "మన ఆచారం కాదు" అంటాం. భూమిని చెక్కుగా మార్చుకోవడం ఏ తాతల నాటి ఆచారం? అక్కడ అడ్డురాని ఆచారం ఆడబిడ్డ దగ్గరే ఎందుకు అడ్డొస్తుంది?

చట్టం కూడా మన ఆడబిడ్డను బయటే నిలబెట్టింది. 1956 హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 2(2) ప్రకారం, కేంద్రం నోటిఫికేషన్ ఇస్తే తప్ప ఆ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. ఎన్టీఆర్ కాలంలో 1985 నుంచి, దేశమంతటా 2005 నుంచి కూతుళ్ళకు వచ్చిన సమాన హక్కు ఆ సెక్షన్ దగ్గరే ఆగిపోయింది.

సేకరించిన భూమి పరిహారంలో వాటా కోసమే కమలా నేతి అనే ఆదివాసీ మహిళ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2022 డిసెంబరులో ఓడిపోయింది. అయితే చట్టం మార్చే విషయం ఆలోచించమని కోర్టు కేంద్రానికి చెప్పింది. 2025 జూలైలో ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో ఆడబిడ్డ వారసులకు సమాన వాటా ఇచ్చింది. ఆడవాళ్ళకు వాటా లేదనే ఆచారాన్ని అక్కడ ఎవరూ రుజువు చేయలేకపోయారు. అదే అక్టోబరులో మరో కేసులో, హిందూ వారసత్వ చట్టం తెగలకు వర్తించదని మళ్ళీ చెప్పింది. అంటే ప్రతి చెల్లీ కోర్టు మెట్లు ఎక్కాల్సిందేనా?

"అల్లుడు గిరిజనేతరుడైతే భూమి పోతుంది" అంటారు. ఆ భయం ఉత్తదని మేము అనం. అందుకే షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1/70 ఉంది, అసైన్డ్ భూములకు 1977 చట్టం ఉంది. వాటిని గట్టిగా అమలు చేయమని పోరాడదాం. భూమి చేజారడాన్ని ఆపేది ఆ చట్టాలు, చెల్లెలి పేరు కొట్టివేయడం కాదు.

అమెరికాలో వర్జీనియా రాష్ట్రం 1785లోనే పెద్దకొడుకు పెత్తనం తీసేసి, వీలునామా లేని ఆస్తిని కొడుకులకూ కూతుళ్ళకూ సమానంగా పంచాలని చట్టం చేసింది. కానీ పంచుకున్న నేల అక్కడి ఆదివాసులది, దాని మీద చెమటోడ్చింది బానిసలు. తెల్లవాళ్ళ ఇంట్లో న్యాయం గడప దాటలేదు. మన న్యాయం గడప లోపలికే రాలేదు. బయట జల్, జంగల్, జమీన్ అంటాం. ఇంట్లో జమీన్ కొడుకులకే రాస్తాం.

మేము టీచర్లం. తరగతిలో ఆర్టికల్ 14 చెబుతాం, ఇంటికెళ్ళి తమ్ముడి పక్షాన కూర్చుంటాం. ముందు మా ఇళ్ళలో మొదలుపెడతాం. మీరూ విరాసత్ కాగితంలో అక్కచెల్లెళ్ళ పేర్లు రాయించండి. గ్రామసభలో తీర్మానం చేయించండి. మన భూమి రక్షణ చెడకుండా ఆడబిడ్డకు సమాన వాటా ఇచ్చే చట్టం కోసం అడగండి.

ఆచారం మనం పెట్టుకున్నదే. మార్చుకోవాల్సిందీ మనమే.